మా అవ్వను ఏ గడిలో రాయాల?

పోయిన నెల తరగతిలో వలసల పాఠం జరిగింది. మేడం బోర్డు మధ్యలో నిలువుగా ఒక గీత గీసి, ఎడమ పక్క ‘బలవంతపు వలస’ అనీ, కుడి పక్క ‘స్వచ్ఛంద వలస’ అనీ రాసినారు. యుద్ధం, కరువు, వరద, ఆనకట్ట కింద మునిగిన ఊళ్ళు ఎడమ గడిలోకి పోయినాయి. ఉద్యోగం, చదువు, వ్యాపారం కుడి గడిలోకి వచ్చినాయి. అందరమూ చూసి రాసుకున్నాము. ఐదు మార్కుల ప్రశ్న, మరిచిపోవద్దని మేడం చెప్పినారు కూడా.

నేను లేచి, "మేడం, మా అవ్వను ఏ గడిలో రాయాల?" అని అడిగినాను. తరగతంతా నవ్వింది. మేడం మాత్రం నవ్వలేదు. "మీ అవ్వ ఎక్కడినుంచి వచ్చిందమ్మా?" అన్నారు. "కుప్పం పక్కనుంచి మేడం. మా తాతకిచ్చి పెండ్లి చేసినారు" అన్నాను. "పెండ్లి ఎట్లా వలస అవుతుందే?" అని వెనక బెంచీలో ఎవరో అన్నారు. అంతలో గంట కొట్టినారు. మేడం పోతా పోతా, "ఆ ప్రశ్నను నువ్వే రాసి గోడ పత్రికలో పెట్టు" అన్నారు. అందుకే ఈ వ్యాసం.

మొదట మా అవ్వ సంగతి చెప్తాను. ఆమె పుట్టింది కుప్పం పక్కన ఒక పల్లెలో. 1951లో, పదహైదేండ్ల వయసులో, వేపనపల్లి పక్కనున్న మా ఊరికి ఆమెను ఇచ్చినారు. పొద్దు గుంకినాక ఎద్దుల బండి కడితే తెల్లారేసరికి వచ్చి చేరినారంట. అప్పుడు ఆ ఊరూ ఈ ఊరూ రెండూ మద్రాసు రాష్ట్రమే. అది చిత్తూరు జిల్లా, ఇది సేలం జిల్లా, అంతే తేడా. రెండేండ్లకు, 1953 అక్టోబరు 1న, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అవ్వ పుట్టినిల్లు ఆ రాష్ట్రంలో, మెట్టినిల్లు ఈ రాష్ట్రంలో పడినాయి. 1956లో భాషల ప్రకారం రాష్ట్రాలను మళ్ళీ సరిచేసినారు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ఈ పక్కకు వచ్చింది, దానికి బదులుగా సేలం, చెంగల్పట్టు జిల్లాల్లోని కొన్ని ఊళ్ళు చిత్తూరు జిల్లాకు పోయినాయి. మా ఊరు మాత్రం ఈ పక్కే నిలిచింది. 1965లో మా జిల్లా పేరు ధర్మపురి అయ్యింది, 2004లో కృష్ణగిరి అయ్యింది. మధ్యలో 1969లో రాష్ట్రం పేరే తమిళనాడు అయ్యింది. అవ్వ మాత్రం అదే ఇంట్లో, అదే పొయ్యి ముందర కూర్చోని రాగి సంగటి గెలుకుతానే ఉండింది.

అంటే అవ్వకు రెండు వలసలు జరిగినాయి. ఒకటి ఆమె కదిలిన వలస. ఇంకొకటి ఆమె కదలకుండా, గీత కదిలిన వలస. ఈ రెండోది మన హోసూరు, కృష్ణగిరి తెలుగువాళ్ళందరికీ తెలిసిందే. మనల్ని చూసి "మీరు ఆంధ్రా నుంచి ఎప్పుడు వచ్చినారు?" అని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మనలో విజయనగరం రోజుల్లో నాయకుల వెంట వచ్చినవాళ్ళు ఉన్నారు, అంతకు ముందునుంచి ఇక్కడే ఉన్నవాళ్ళూ ఉన్నారు. 1953లో మాత్రం మనం ఎక్కడికీ పోలేదు, ఎక్కడినుంచీ రాలేదు. గీత మన ఇంటి వెనక పడింది, అంతే. 2006లో బడిలో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. తమిళం నేర్చుకోవడం నాకు బరువనిపించలేదు, అదీ మా ఊరి భాషే. కానీ ఇంట్లో తెలుగు మాట్లాడతా, తెలుగు చదవడం రాని పిల్లలు నా చుట్టూ చానా మంది ఉన్నారు. మా తమ్ముడే ఒకడు. వాడు ఈ గోడ ముందర నిలబడితే మా అవ్వ గురించి రాసిన ఈ నాలుగు ముక్కలు చదవలేడు.

అయితే ఈరోజు నేను రాయాలనుకున్నది గీత గురించి కాదు. అవ్వ కదిలిన ఆ మొదటి వలస గురించి.

తెలుగు చదివే పిల్లలం కదా, మాటలు గమనించండి. మా చిన్నాయన బెంగుళూరికి ‘పోయినాడు’. మా మామ దుబాయికి ‘పోయినాడు’. మా అవ్వను మాత్రం ఈ ఊరికి ‘ఇచ్చినారు’. మగవాళ్ళ విషయంలో పోయినవాడే కర్త. ఆడబిడ్డ విషయంలో కర్తలు ఎవరో, ఆమె కర్మ. ఆమె కదిలింది, బండెక్కింది, ఊరు మారింది, ఇంటిపేరు మారింది, కానీ వాక్యంలో ఆమె ఏ పనీ చెయ్యలేదు. మన పెద్దలు ఇంకో మాట కూడా అంటారు, "ఆడపిల్ల అంటే ‘ఆడ’ పిల్లే, ‘ఈడ’ పిల్ల కాదు" అని. నవ్వుకోవడానికి బాగుంటుంది. పుట్టిన రోజునుంచే ఒక మనిషిని వలసపోయే మనిషిగా లెక్క కట్టడం అది.

దక్షిణానికి వచ్చిన తెలుగువాళ్ళు చెప్పుకునే కథ ఒకటి చానా కులాల్లో ఉంది. ఎవరో పాలకుడు వాళ్ళ పిల్లనడిగితే, ఇయ్యలేక, రాత్రికి రాత్రే ఊరు విడిచి, నది దాటి వచ్చేసినారని. కి. రాజనారాయణన్ ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టి తమిళంలో రాసిన పెద్ద రచయిత. 1976లో వచ్చిన ఆయన నవల ‘గోపల్ల గ్రామం’ ఇటువంటి కథతోనే నడుస్తుంది. చరిత్రకారులు సైన్యాలు, పాలెగాళ్ళు, నల్లరేగడి భూములు అని వేరే కారణాలు చెప్తారు. కథ కథగానే ఉండనియ్యండి. నన్ను ఆపింది వేరే విషయం. ఒక పిల్లను ఇయ్యకుండా ఉండడానికి ఒక సమూహమే ఊరు విడిచిందంట. అది బలవంతపు వలస, ఎడమ గడి, ఎవరికీ అనుమానం లేదు. అదే పిల్లను వాళ్ళే ఎంచిన ఇంటికి ఇచ్చి, ఆమె ఒక్కతే ఊరు విడిచి ఉంటే, దానికి గడే లేదు. నేను విన్నంతలో, రెండు సార్లూ ఆ పిల్లను ఎవరూ అడగలేదు.

నిజానికి ఆ రెండు గడులు మిగతా వలసలకు కూడా సరిపోవు. మన ప్రాంతం కథే చూడండి. 1876లో మొదలయిన కరువును ధాత కరువు అంటారు, అది ధాత నామ సంవత్సరం కాబట్టి. అప్పుడు హోసూరు, కృష్ణగిరి రెండూ సేలం జిల్లాలోనే ఉన్నాయి. 1871 జనాభా లెక్కల్లో సేలం జిల్లా జనం సుమారు 19 లక్షల 67 వేలు. 1881లో సుమారు 16 లక్షలు. పదేండ్లలో పెరగాల్సిన జనం మూడున్నర లక్షలకు పైగా తగ్గినారు. ఎక్కువ మంది చనిపోయినారు, కొంతమంది ఊరు విడిచి పోయినారు. మద్రాసు రేవునుంచి కూలీల ఓడలు అప్పటికే నడుస్తా ఉన్నాయి. 1834 నుంచి మారిషస్‌కు ఒప్పంద కూలీలు పోయినారు. 1860 నవంబరులో ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసునుంచి తమిళులను, తెలుగువాళ్ళను ఎక్కించుకుని దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. వాళ్ళు ఒప్పంద కాగితం మీద పోయినవాళ్ళు. ఆ కాగితం ప్రకారం వాళ్ళు ఇష్టపడి పోయినవాళ్ళే. కడుపు మాడతా ఉన్నవాడి ఒప్పుకోలును ఇష్టం అని రాసుకుంటే, కుడి గడి నిండిపోతుంది. పాపం ఎవరిదీ కాకుండా పోతుంది.

ఇప్పటి హోసూరు చూడండి. 1970ల్లో సిప్‌కాట్ వచ్చింది, 1980ల్లో అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ వచ్చినాయి. మా ఊళ్ళో రాగి చేనులు వదిలి ఒక్కొక్క ఇంటినుంచి ఒక్కొక్కరు అక్కడికి పోయినారు. ఇప్పుడు ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు వచ్చినాయి, వాటిలో పనిచేసేది ఎక్కువ మంది మన వయసు ఆడపిల్లలే. 2022లో జార్ఖండ్ నుంచి వందల మంది ఆదివాసి అమ్మాయిలు ప్రత్యేక రైల్లో హోసూరు ఫ్యాక్టరీ పనికి వచ్చినారు. వాళ్ళు ఏ గడి? జీతం వస్తుంది, హాస్టల్ ఉంది, కుడి గడి అనొచ్చు. వాళ్ళ ఊళ్ళో పని ఉండి ఉంటే రెండు రాత్రులు రైల్లో కూర్చోని వచ్చేవాళ్ళా? అయినా వాళ్ళను చూసి నాకు జాలి కలగదు. నెల చివర సొంత ఖాతాలో పడిన జీతాన్ని చూసుకునే పిల్లను జాలిగా చూడడం కూడా తప్పే. కుడి ఎడమలు ఇంత కలిసిపోయి ఉన్నాయని మాత్రం చెప్తా ఉన్నాను.

ఇప్పుడు పెండ్లి దగ్గరికి వస్తాను. ‘పెండ్లి ఎట్లా వలస అవుతుందే’ అన్న వెనక బెంచీ చెల్లికి జవాబు నాది కాదు, సర్కారుది. మన జనాభా లెక్కల్లో "ఊరు ఎందుకు మారినారు?" అనే ప్రశ్నకు పని, వ్యాపారం, చదువుతో పాటు ‘పెండ్లి’ అనేది ఒక జవాబుగా ఎప్పటినుంచో ఉంది. కేంద్ర ప్రభుత్వం 2020-21లో చేసిన శ్రామికుల సర్వేలో వలస గురించి కూడా అడిగినారు. దేశంలో మగవాళ్ళలో నూటికి 10.7 మంది వలస వచ్చినవాళ్ళయితే, ఆడవాళ్ళలో నూటికి 47.9 మంది. అట్ల వలస వచ్చిన ఆడవాళ్ళలో 86.8 శాతం మంది చెప్పిన కారణం పెండ్లి. అంటే ఈ దేశంలో వలస అనగానే మన కండ్ల ముందరికి వచ్చే మూట నెత్తిన పెట్టుకున్న మగమనిషి బొమ్మ సగం కూడా నిజం కాదు. వలసపోయే మనుషుల్లో ఎక్కువ మంది పసుపు బట్టలతో, కండ్ల నీళ్ళతో, మేళం వెంట పోతా ఉన్నారు. అందుకే ఎవరికీ వలస అనిపించదు.

"అయితే నువ్వు పెండ్లి బలవంతం అంటావా?" అని మా అమ్మే అడిగింది. అనను. మా అవ్వ బాధపడతా బతికిన మనిషి కాదు. ఊరంతటికీ మంత్రసాని, పంచాయితీలో గొంతెత్తి మాట్లాడేది. మా అమ్మా నాయనా ఒకరంటే ఒకరికి ప్రాణం. ఎన్నో పెండ్లిళ్ళు ఇష్టంతోనే జరుగుతాయి. నా మాట వేరే. బయలుదేరే రోజు మొహం నవ్వుతా ఉందా ఏడుస్తా ఉందా అని చూసి ‘ఇష్టం’, ‘బలవంతం’ అని రాయకూడదు. దానికి బదులు మూడు ప్రశ్నలు అడగాల. ఒకటి, ఉండాలనుకుంటే ఉండగలిగేదా? రెండు, పోవాలని తీర్మానం చేసింది ఎవరు? మూడు, తిరిగి రావాలంటే దారి ఉందా?

ధాత కరువు కూలీకి మొదటి ప్రశ్న దగ్గరే ‘లేదు’ అని వస్తుంది. జార్ఖండ్ అమ్మాయికి రెండో ప్రశ్నకు ‘నేనే’ అని రావచ్చు, మూడో ప్రశ్నకు ‘రైలుంది’ అని రావచ్చు. దుబాయి పోయిన మా మామకు మూడూ ‘ఔను’ అనే వస్తాయి. మా అవ్వకు మూడూ ‘లేదు’ అనే వస్తాయి. మూడింటిలో నాకు పెద్దదిగా అనిపించేది మూడోది. తిరిగి రాగలిగిన మనిషి, ఉన్నచోట కూడా తలెత్తుకుని ఉంటుంది.

ఈ మూడో ప్రశ్న దగ్గర మా ఇంటి తప్పు ఒకటి చెప్పాల. మా అత్తను, అంటే మా నాయన చెల్లెలిని, 1994లో కర్ణాటకలో మాలూరు పక్కకు ఇచ్చినారు. నాలుగేండ్లకు బోరు వెయ్యడానికి బ్యాంకు అప్పు కావలసి వచ్చింది. పట్టా మా నాయన ఒక్కడి పేరు మీద ఉంటే సులువని ఎవరో చెప్పినారు. అత్త వచ్చి, రిజిస్టర్ ఆఫీసులో హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టింది. మా నాయన ఒక పట్టుచీర పెట్టినాడు. ఇద్దరూ సంతోషంగానే ఉండినారు. మోసం ఏమీ లేదు, అన్నాచెల్లెళ్ళ మధ్య చిన్న మాట కూడా రాలేదు. 2019లో మా మామ చనిపోయినాడు. అత్త ఇప్పుడు మాలూరులో బాడుగ గదిలో ఉండి గార్మెంట్స్ పనికి పోతుంది. పండగకు మా ఇంటికి వస్తుంది. వారం ఉన్నా, పది రోజులు ఉన్నా, ఆమె బట్టలు సంచిలోనే ఉంటాయి. బీరువాలో పెట్టుకో అత్తా అంటే, "ఎందుకు పాపా, మళ్ళా తియ్యాల కదా" అంటుంది. ఆమె పుట్టిన ఇల్లు అది. ఆ సంచిని చూసినప్పుడే నాకు ఈ మూడో ప్రశ్న పుట్టింది.

చట్టం ఆమెకు దారి ఇచ్చింది. హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికి వాటా ఇస్తూ 1986లో ఆంధ్రప్రదేశ్, 1989లో తమిళనాడు, 1994లో కర్ణాటక చట్టాలు చేసినాయి. 2005లో దేశమంతటికీ వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉన్నా లేకున్నా కూతురికి పుట్టుకతోనే ఆ హక్కు ఉందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ముస్లిం, క్రైస్తవ స్నేహితుల ఇండ్లకు వేరే చట్టాలున్నాయి, వాటిలోనూ ఆడబిడ్డకు వాటా ఉంది. మనం దాన్ని డబ్బు విషయంగానే చూస్తాము. అడిగితే ఆశపోతు అంటారు, అన్నదమ్ములతో తెంచుకుంటుందా అంటారు. నేను దాన్ని తిరిగి వచ్చే దారిగా చూస్తాను. విడుదల పత్రం మీద సంతకం పెట్టినప్పుడు మా అత్త వదులుకున్నది ఎకరా పొలం ఒక్కటే కాదు, బీరువాలో తన అరను కూడా.

ఇంకొక విషయం మన ప్రాంతం పిల్లలకు ముఖ్యంగా తెలియాల. మనకు మూడు రాష్ట్రాలు కూతవేటు దూరంలో ఉన్నాయి. హోసూరులో పుట్టిన పిల్లను బెంగుళూరుకో, మాలూరుకో, కుప్పానికో ఇస్తే మన కంటికి అది పక్క ఊరే. కాగితానికి మాత్రం అది వేరే రాష్ట్రం. ఎస్సీ, ఎస్టీ పిల్లలు పెండ్లి చేసుకుని పక్క రాష్ట్రానికి పోతే పుట్టిన రాష్ట్రపు కుల సర్టిఫికెట్‌తో అక్కడ రిజర్వేషన్ అడగడానికి లేదు. ఒక రాష్ట్రంలో పుట్టి, పెండ్లయి ఇంకో రాష్ట్రానికి పోయి, అక్కడ అదే కులం షెడ్యూల్డు జాబితాలో ఉన్నా రిజర్వేషన్ దక్కని ఒక మహిళ కేసులో 2018లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. డిగ్రీ చదివి, ఉద్యోగ పరీక్షలకు తయారవుతా ఉన్న పిల్లకు ఇది ఎంత పెద్ద విషయం! జాతకాలు చూస్తారు, మేనరికం చూస్తారు, కారు అడుగుతారు. ఈ ఒక్క మాట మాత్రం సంబంధం మాట్లాడే పెద్దమనుషులు ఎవరూ చెప్పగా నేను వినలేదు.

దుబాయి పోయేటప్పుడు మా మామ ఎన్ని చూసుకున్నాడు! వీసా ఎన్నాళ్ళు, జీతం ఎంత, ఉండే గది ఎక్కడ, తిరుగు టికెట్టు ఎవరిది, పాస్‌పోర్టు ఎవరి చేతిలో ఉంటుంది. రెండేండ్ల వలసకు ఇంత విచారణ. బతుకంతా ఉండబోయే వలసకు మనం అడిగేది చీర రంగు గురించి. పెండ్లిని వలస అని ఒప్పుకుంటే దాని పవిత్రత ఏమీ తగ్గదు. వలసపోయే మనిషికి ఇయ్యాల్సిన జాగ్రత్త ఆమెకు కూడా దక్కుతుంది. సర్టిఫికెట్లు ఆమె దగ్గరే ఉంటాయి. ఆ ఊళ్ళో ఆమె చదువుకు, పనికి దారి ఉందా అని ముందే చూస్తారు. పుట్టింటి వాటా మీద సంతకం అడగరు, అడిగినా పిల్ల పెట్టదు.

ఇప్పుడు మా ఇంట్లో నాకూ సంబంధాలు చూస్తా ఉన్నారు. పోయిన ఆదివారం నేను మా నాయనను కూర్చోబెట్టి మూడు ప్రశ్నలూ చదివి వినిపించినాను. అత్త సంచి సంగతి కూడా చెప్పినాను. మా నాయన చెడ్డవాడు కాదు. చానా సేపు మాట్లాడలేదు. తర్వాత "డిగ్రీ అయిపోనీ, చూద్దాము" అని లేచి చేనికి పోయినాడు. అది జవాబు కాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. మళ్ళా అడుగుతాను.

చెల్లెళ్ళారా, పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న వస్తే రెండు గడులే రాయండి, మార్కులు పోగొట్టుకోవద్దు. ఇంటికి పోయినాక మాత్రం మీ అవ్వను, అమ్మను, అత్తను, వదినను కూర్చోబెట్టుకుని ఆ మూడు ప్రశ్నలూ అడగండి. వాళ్ళు ఏ ఊరినుంచి ఏ ఊరికి వచ్చినారో, ఏ ఏడాదో, తిరిగి పోవాలనుకుంటే పోగలిగేవాళ్ళా అన్నది అడిగి తెలుసుకోండి. ఈ కాగితం కింద ఒక తెల్ల కాగితం అంటించి పెట్టినాను, పక్కన పెన్ను దారంతో కట్టినాను. పేర్లు అక్కరలేదు. ఊరినుంచి ఊరికి, అంతే రాయండి. మొదటి వరస నేనే రాసినాను: కుప్పం పక్కనుంచి వేపనపల్లి పక్కకు, 1951. రెండోది మా అత్తది. మూడో వరస ఖాళీగా ఉంది.